అల్యూమినియం ఫాయిలూ, కాలర్ మైకూ, నా వంశోద్ధారమూ

ముందే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత గొడవలొద్దు. నేను పెంచి చెప్పే మనిషిని. మా వీధిలో రెండు కుక్కలు కరుచుకుంటే చిలకలగూడ అట్టుడికిపోయిందంటాను. చారులో చిటికెడు ఉప్పెక్కువైతే బంగాళాఖాతం మా వంటింట్లోకి వచ్చేసిందంటాను. మా ఆవిడ కరుణ టీచరు కాబట్టి, నేను రాసిన కాగితం ఏది దొరికినా పెన్సిల్ తీసుకుని పక్కన మార్కులు వేస్తుంది. "ఇది సగం నిజం." "ఇది పావు." "ఇది అసలు లేదు." ఈ కథలో నీళ్ళు ఎక్కడ కలిపానో మాత్రం చివర్లో నేనే చెప్పేస్తాను. అంతవరకు ఓపిక పట్టండి. ఎందుకంటే ఇది చిన్నా చితకా పొరపాటు కాదు. ఒక మగవాడు తన వంశాన్ని నిలబెట్టుకోవడానికి సెల్‌ఫోను మీదా, మిక్సీ మీదా, టీవీ మీదా, చివరికి చర్చిలో కాలర్ మైకు మీదా యుద్ధం ప్రకటించి, అన్నిటి చేతుల్లోనూ చిత్తుగా ఓడిపోయిన చరిత్ర.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులు. సెల్‌ఫోనులో ఇన్‌కమింగ్ ఉచితమైన కొత్త. అప్పటి ఫోను సగం ఇటుకంత ఉండేది. ప్యాంటు జేబులో వేసుకుంటే మనిషి ఒక పక్కకి ఒరిగి నడిచేవాడు. అలా ఒరిగి నడవడమే గొప్ప. దానికి తోడు మా ఆఫీసువాళ్ళు నాకో ల్యాప్‌టాప్ ఇచ్చారు. ఇంటికి తెచ్చుకుని, బల్ల ఉన్నా సరే, ఒళ్ళోనే పెట్టుకుని కూర్చునేవాణ్ణి. అది ఇస్త్రీపెట్టెలా కాలేది. ఆ కాలడం కూడా హోదాలో భాగమే అనుకున్నాను.

మా పెళ్ళయి అప్పటికి అయిదేళ్ళు. పిల్లల్లేరు.

మన దగ్గర పెళ్ళయిన ఆర్నెల్ల నుంచి ఒకే ప్రశ్న: "ఏమైనా విశేషమా?" రైల్వే స్టేషన్ ముందు చెరుకురసం బండివాడి దగ్గర్నుంచి (ఇది పావు) మా అమ్మ వరకు అందరూ అడిగారు. అందరూ కరుణనే అడిగారు. నన్ను ఎవరైనా అడిగితే, "ఫోన్లో టవర్ ఎలా వస్తోందోయ్?" అనేవారు.

చర్చిలో ఇంకో పద్ధతి ఉండేది. నెలకో ఆదివారం, ఆరాధన చివర్లో, మా పాస్టరు అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారనే పెద్దావిడ, పిల్లలు లేని ఆడవాళ్ళను ముందుకు పిలిచి ప్రార్థన చేసేవారు. ఆవిడది వెన్నలాంటి మనసు, అందులో సందేహం లేదు. పిలవగానే వాళ్ళు లేచి వెళ్ళి మోకరించేవారు. వెనక కూర్చున్న సంఘమంతా వాళ్ళ వీపులు చూసేది. కొత్త పెళ్ళికూతుళ్ళు ఇద్దరో ముగ్గురో వెళ్ళి, కొన్నాళ్ళకు కడుపులతో తమ బెంచీలకు తిరిగి వచ్చేసేవారు. కరుణ మాత్రం అక్కడే సీనియర్ అయిపోయింది. ఏ చీర కట్టుకున్నా వెనకనుంచి గుర్తుపట్టేవారు. మొగుళ్ళను పిలవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, మొగుళ్ళకు అసలే రాలేదు. నేను చర్చి ఆంప్లిఫయర్ చూసేవాణ్ణి గనక, పక్కన నిలబడి ప్రార్థన గరగర లేకుండా వినపడేలా వాల్యూం సరిచేసేవాణ్ణి. మా ఇంటి దుఃఖం నాలుగు వీధులకు స్పష్టంగా వినపడాలి కదా మరి.

కరుణ లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. చేయగలిగిన పరీక్షలన్నీ చేశారు. అన్నీ బాగున్నాయి. అప్పుడు డాక్టరమ్మ ఒక్క మాట అంది. "మీవారిని కూడా ఒకసారి టెస్ట్ చేయించుకోమనండి. చిన్న టెస్టే."

చిన్న టెస్టే! చిన్న ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చి పక్క గదిలోకి పంపిస్తారని మా ఆఫీసులో అందరికీ తెలుసు. పంపించిన తర్వాత బయట కూర్చున్నవాళ్ళంతా ఆ తలుపు వైపే చూస్తారని నాకు తెలుసు. అయినా సింహంలా బయల్దేరాను. రాంగోపాల్‌పేట్ సందులో ల్యాబు. లోపలికి అడుగుపెట్టేసరికి కౌంటర్లో ఎవరున్నారనుకున్నారు? మా చర్చి కాయిర్‌లో పై గొంతుతో పాడే ఎస్తేరక్క.

"ప్రకాశ్ తమ్ముడూ! వందనాలు! ఏం టెస్టు?"

కాయిర్‌లో హాలు చివరి వరకు వినపడే గొంతు అది. మైకు అవసరం లేని గొంతు. కుర్చీల్లో ఉన్న పదిమందీ తలెత్తారు.

"షుగరక్కా," అంది నా నోరు.

నా అనుమతి లేకుండానే అంది. ఎస్తేరక్క నా వేలు పట్టుకుని సూది గుచ్చింది. సాయంత్రం రిపోర్టు తీసుకుని ఇంటికొచ్చాను.

"ఏమన్నారండీ?" అంది కరుణ. దోసె అట్లకాడ మీదే ఆగిపోయింది.

"నార్మల్."

"నిజంగా?"

"రిపోర్టులో రాసుంది."

ఆ దోసె పెనం మీదకీ వెళ్ళలేదు, కంచంలోకీ రాలేదు. "అయితే లోపం నాలోనే అన్నమాట," అంది కరుణ మెల్లగా. అప్పుడు నోరు తెరిచి ఉండాల్సింది. తెరిచాను. "ఇంకాస్త చట్నీ వెయ్యి," అన్నాను.

హాల్లోంచి మా అమ్మ వింది. "మావాడు నార్మలటమ్మా," అని మర్నాటికల్లా వీధంతా చెప్పొచ్చింది. మా వీధి వైశాల్యం మీకు తెలీదు. గుంటూరు దాకా ఉంటుంది (ఇది సగం, ఎందుకంటే గుంటూరుకు ఫోన్ చేసి చెప్పింది).

నాకు తిండి సయించలేదు. ఇద్దరి రిపోర్టులూ నార్మల్ అయితే తప్పు ఎవరిది? నేరం మోపడానికి మూడో మనిషి కావాలి. ఆ మనిషిని తెచ్చిచ్చినవాడు యాదగిరి. మల్కాజ్‌గిరి నుంచి రోజూ లోకల్ రైల్లో వచ్చి ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునేవాడు. ముగ్గురు పిల్లల తండ్రి. రైల్లో ఎవరి పేపరు దొరికితే వాళ్ళ పేపరు చదివి, దిగేలోపు ఆ విషయంలో నిపుణుడైపోయేవాడు.

"ఏందన్నా, మొకం గట్ల పెట్టినవ్?"

"ఏం లేదు లేరా."

"ఏం లేదంటే ఎట్లా? జేబుల ఏముంది గది?"

"ఫోను."

యాదగిరి నా జేబుకేసి చూసి, పాముని చూసినట్టు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "అరె భాయ్! గా జాగల పెట్టుకుంటరా ఎవరన్న? పేపర్ల రాసిండ్రు, చదవలేదా? ఫోన్ల నుంచి గాలి వస్తదంట."

"గాలా?"

"గాలి గాదు, గదేందది... రేడియేషన్. లోపల ఉన్నయన్నీ పరేషాన్ అయిపోతయంట. ఇగ ఆ ల్యాప్‌టాప్ సుత ఒళ్ళె పెట్టుకుంటవ్. కుంపటి మీద కూసున్నట్టే. పిల్లలెట్ల అయితరన్నా?"

"నీకు ముగ్గురున్నారు కదరా, నీ దగ్గరా ఫోనుంది."

"నాది షర్టు జేబుల ఉంటది," అన్నాడు గర్వంగా. "గందుకే నాకు గుండె నొప్పొస్తది, గిది రాదు."

చూశారా శాస్త్రం! ఆ క్షణంలో నా నెత్తిమీద బరువంతా దిగిపోయింది. దోషి దొరికాడు. పరీక్ష చేయించుకోవలసిన పని లేదు, ఎస్తేరక్కకు సమాధానం చెప్పుకోవలసిన పని లేదు. ఇంట్లో ఉన్న వైరులన్నీ పీకేస్తే చాలు.

ఆ సాయంత్రమే యుద్ధం షురూ. ఫోనుని గుడ్డసంచిలో వేసి, వరండాలో బట్టల తీగకు క్లిప్పుతో తగిలించాను. అది మోగినప్పుడల్లా తడిచీరల మధ్యలోంచి ఈదుకుంటూ వెళ్ళేవాణ్ణి. వెళ్ళేసరికి కట్టయిపోయేది. టీవీకి ఎదురుగా కూర్చోకూడదని, పక్కగదిలో కూర్చుని గుమ్మానికి తగిలించిన అద్దంలో వార్తలు చూసేవాళ్ళం. అద్దంలో అక్షరాలు తిరగబడి, ఏ మంత్రి రాజీనామా చేశాడో ఏ మంత్రి ప్రమాణం చేశాడో తేలేది కాదు. మిక్సీని బీరువా మీదకెక్కించాను. అమ్మ రోలు దగ్గర కూర్చుని కొబ్బరి పచ్చడి నూరుతూ నన్ను కూడా కలిపి నూరేది.

"ఒరే ప్రకాశూ, మిక్సీ నిన్నేం చేసిందిరా?"

"రేడియేషనమ్మా."

"నా మోకాళ్ళకి రాని రేడియేషను నీకెక్కడొచ్చిందిరా మాయదారి రేడియేషను!"

ల్యాప్‌టాప్ విషయంలో మాత్రం ఆఫీసుతో రాజీపడక తప్పలేదు. అందుకని చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిలు తెచ్చి, మడతలు పెట్టి, ప్యాంటు లోపల కవచంలా అమర్చుకున్నాను. కూర్చుంటే చల్లగా ఉండేది. లేస్తే చిప్స్ ప్యాకెట్ విప్పుతున్న చప్పుడు. బస్సులో నేను సీట్లో సర్దుకున్నప్పుడల్లా పిల్లలు ఆశగా నా వైపు తిరిగేవారు. ఒక పాప చెయ్యి కూడా చాపింది.

ఇక మిగిలింది కాలర్ మైకు. ఆదివారం ఆరాధనలో బైబిలు పాఠం చదవడం నా వంతు. ఆ మైకు చొక్కాకి గుచ్చుకుని, దాని వైరు చివర ఉన్న డబ్బాని బెల్టుకి తగిలించుకోవాలి. ఎక్కడ తగిలించుకోవాలో గమనించారా? సరిగ్గా యాదగిరి ఎక్కడ వద్దన్నాడో అక్కడ! దేవుడి సన్నిధిలో కూడా భద్రత లేదు. అందుకని చదవబోయే ముందు మాత్రమే బ్యాటరీలు వేసి, ఆమెన్ అనగానే వాటిని పీకి చొక్కా జేబులో పడేసుకునేవాణ్ణి. దీవెన చెప్పేటప్పుడు నేను తల వంచితే అవి టకటకలాడేవి.

ఇంతవరకు పిచ్చి నా ఒక్కడిదే. కానీ అమ్మ కూడా రేడియేషన్‌ని నమ్మడం మొదలుపెట్టింది. నమ్మి, తనకు తోచిన చోట అంటించింది.

"ఏమ్మా కరుణా, నువ్వు స్కూల్లో కంప్యూటర్ క్లాసు చెబుతావు కదూ?"

"అవునత్తయ్యా."

"గదినిండా కంప్యూటర్లే కదూ?"

"అవునత్తయ్యా."

"మరి నువ్వే నార్మల్‌గా ఎలా ఉంటావు? నా కొడుకు ఒక్క పెట్టెకే రేకులు కట్టుకు తిరుగుతుంటే, నువ్వు అన్ని పెట్టెల మధ్య కూర్చుని బిడ్డలు కావాలంటే ఎట్లాగమ్మా? ఆ ఉద్యోగం మానెయ్యి."

కరుణ నా వైపు చూసింది. ఆ ఉద్యోగం తనకు జీతం కాదు, ఊపిరి. కంప్యూటర్ గది తలుపు తెరిచేటప్పుడు పిల్లలు తోసుకుంటారని, మౌస్ కదిపితే తెరమీద బాణం కదిలిందని కేక వేస్తారని, ఇంటికొచ్చి రోజూ చెప్పేది. రోజులో తన మొహం వెలిగే గంట అదొక్కటే. "మీరేమంటారండీ?" అంది.

నేను ఫాయిలు సర్దుకున్నాను. అది కిసకిసమంది. నా జవాబు అదే.

ఆ వారమంతా మా ఇంట్లో మిక్సీ లేదు, టీవీ లేదు, మాటల్లేవు. రోలు చప్పుడొక్కటే. ఆదివారం ఉదయం చర్చికి వెళ్తూ కరుణ అంది, "రేపు హెడ్‌మిస్ట్రెస్‌గారికి చెప్పేస్తాను, మానేస్తున్నానని. అత్తయ్య కోరిక కూడా తీరుతుంది."

ఆ రోజు పాఠం ఎలా చదివానో నాకే తెలియదు. నెలవారీ ప్రార్థనా ఆ రోజే. పాఠం కాగానే, చివరి కీర్తన మొదలవుతుండగా, కరుణకు సైగ చేసి వేదిక పక్కనున్న చిన్నగదిలోకి పిలిచాను. అయ్యగారు అంగీ మార్చుకునే గది.

"కరుణా, రేపు స్కూలు మానకు."

"మీరే కదండీ, అంతా రేడియేషన్ వల్లే అన్నారు?"

"కంప్యూటరేం చేసింది పాపం."

"మరి?"

"నేను... ఆ టెస్టు చేయించుకోలేదు."

"రిపోర్టు నార్మల్ అన్నారు?"

"అది షుగర్ రిపోర్టు."

కరుణ నన్నే చూసింది. గోడకు తగిలించిన అయ్యగారి అంగీ కూడా నన్నే చూసినట్టనిపించింది. చివరికి కరుణ అడిగింది, "షుగర్ ఎంతుంది?"

జవాబు చెప్పబోతుండగా గమనించాను, బయట కీర్తన ఆగిపోయింది. హార్మోనియం ఒక్కటే కాసేపు మూలిగి అదీ ఆగింది. నా నడుము దగ్గర చిన్న ఎర్రలైటు మిణుకుమంటోంది. కంగారులో బ్యాటరీలు తీయడం మరిచిపోయాను!

చర్చి లోపలి స్పీకర్లు, గోపురం మీది హారన్లు, అన్నీ నా చేతులతో నేనే అమర్చినవే. ఎంత స్పష్టంగా అమర్చానో ఆ రోజు తెలిసింది. చిలకలగూడ చౌరస్తాలో ఆటోలు ఆగిపోయాయి. స్టేషన్లో మైకులో రైళ్ళ వేళలు చెప్పే ఆవిడ కూడా ప్రకటన ఆపి విందట. మర్నాడు యాదగిరి, "అన్నా, మల్కాజ్‌గిరి దాంక ఇనొచ్చింది, సౌండ్ మస్తుంది," అని మెచ్చుకున్నాడు. బయటకు రాగానే మొదట వినపడింది ఎస్తేరక్క గొంతు. "అదా సంగతి! షుగరక్కా షుగరక్కా అని చెమటలు పట్టినప్పుడే అనుకున్నా!" రెండోది మా అమ్మ గొంతు. "ఒరే ప్రకాశూ! షుగరు టెస్టేంట్రా! ఇన్నాళ్ళూ ఈ పిల్లని..." అని, మాట పూర్తి చేయలేక, చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి కరుణను వాటేసుకుంది. అమ్మగారు కళ్ళు తుడుచుకుని మైకులో అన్నారు, "ఈసారి ప్రార్థనకు భర్తలు కూడా లేచి రావాలి."

లేచాను. సంఘమంతా నిశ్శబ్దంగా ఉండగా, ఫాయిలు కిసకిసమంటూ, ముందుకు నడిచి, కరుణ పక్కన మోకరించాను. మొట్టమొదటిసారి జనం నా వీపు చూశారు.

ఆ తర్వాత అసలు పరీక్ష చేయించుకున్నాను. ఊరికి అవతల, ఎస్తేరక్క లేని ల్యాబులో. రిపోర్టు చూసి డాక్టరుగారు నెమ్మదిగా చెప్పారు, ఆశ చాలా తక్కువని. నేను నా మొత్తం రేడియేషన్ పురాణం ఆయనకు విప్పి చెప్పాను.

"ఒళ్ళో వేడి పెట్టుకోకపోవడం మంచిదే," అన్నారాయన. "జేబులో ఫోను సంగతి ఇంకా ఎవరూ గట్టిగా తేల్చలేదు. తీసి పక్కన పెడితే నష్టం లేదు. కానీ ముందు మనిషిని పరీక్షించాలయ్యా, ఆ తర్వాత ఫోనుని. చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చాయా?"

వచ్చాయి. మీసాలు మొలిచే వయసులో. చెంపలు బూరెల్లా వాచాయి. వాచకూడని చోట కూడా వాచింది. అమ్మ పక్కనే కూర్చుని గంజి పట్టించింది. అప్పటికి మా వీధిలో సెల్‌ఫోను కాదు, తీగ ఫోను కూడా లేదు. మా ఇంట్లో ఉన్న ఏకైక విద్యుత్ పరికరం ఒక బల్బు, అదీ సగం రోజులు వెలిగేది కాదు. అంటే, నేను తీగకు ఉరేసిన ఫోను, బీరువా ఎక్కించిన మిక్సీ, అద్దంలో చూసిన టీవీ, పుట్టకముందే నిర్దోషులు!

అందుచేత సకల గృహోపకరణాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ యంత్రం మీదా విచారణ లేకుండా నేరం మోపను. ఫాయిలుని చపాతీలకే వాడతాను. డాక్టరు ఒక టెస్టు చెబితే ఆ టెస్టే చేయించుకుంటాను, కౌంటర్లో మొత్తం కాయిరే నిలబడి పాడుతున్నా సరే.

ఇక, మాటిచ్చాను కాబట్టి, ఏది కల్పించానో చెప్పాలి.

ఫాయిలు అబద్ధమనుకుంటున్నారు కదూ? ఫాయిలు నిజం. చెయ్యి చాపిన పాప కూడా నిజమే.

అబద్ధం ఎర్రలైటు. ఆ రోజు మైకు పనిచేయలేదు. నేను ఏదైనా మరిచిపోతాను గాని, బ్యాటరీలు తీయడం మరిచిపోయేంత ధైర్యవంతుణ్ణి కాను. ఆమెన్ అనగానే పీకి ఎప్పటిలాగే జేబులో వేసుకున్నాను. గదిలో నేను చెప్పింది కరుణ ఒక్కతే వింది. బయట కీర్తన ఆగలేదు, హాయిగా నాలుగు చరణాలూ సాగింది.

"షుగర్ ఎంతుంది?" అన్న తర్వాత కరుణ ఇంకో మాట అడిగింది. "అత్తయ్యకి చెబుతారా?"

"చెబుతాను. కాస్త టైమివ్వు."

సరేనంది. పైట సర్దుకుని బయటకు వెళ్ళింది. అమ్మగారు పిలిచారు. కరుణ లేచి, ముందుకు వెళ్ళి, ఒక్కతే మోకరించింది. నేను ఆంప్లిఫయర్ దగ్గరకెళ్ళి వాల్యూం సరిచేశాను.

స్కూలు మానలేదు, అది నిజం. ఊరవతల ల్యాబూ, గవదబిళ్ళలూ కూడా నిజమే. "మీ మొండి కోడలు మానదట," అని వీధిలో వాళ్ళు అంటే అమ్మ తలదించుకునేది. పిల్లలు కలగలేదు. నాకు టైము కూడా సరిపోలేదు. సంవత్సరాలు గడిచి అమ్మ చివరిసారి మంచం పట్టినప్పుడు, కరుణ చెయ్యి పట్టుకుని అంది, "నీ కడుపు పండించమని ఆ ప్రభువుని అడిగీ అడిగీ అలిసిపోయానమ్మా. నీ మీద కోపం లేదు నాకు." కరుణ, "పోనీలెండత్తయ్యా," అంది. నేను గుమ్మంలోనే ఉన్నాను.

ఈ కాగితాలు నిన్న కరుణకిచ్చాను. పెన్సిల్ పట్టుకుని మొదట్నుంచి చదివింది. పావులూ సగాలూ వేసుకుంటూ వచ్చింది. ఎర్రలైటు దగ్గర "ఇది అసలు లేదు" అని రాసింది. చివరికొచ్చేసరికి పెన్సిల్ పక్కన పెట్టి, "ఇన్నాళ్ళకి బ్యాటరీలు వేశారా?" అంది.

వేశాను.

హలో... హలో... మైక్ టెస్టింగ్... అమ్మా, వినపడుతోందా?